మొక్కకు పద్దు ఉంది, చెట్టుకు లేదు: మా పదకొండు వీధుల డైరీ

1వ వారం

ఈదురుగాలికి నాలుగో వీధి మలుపులోని నిద్రగన్నేరు కొమ్మ విరిగి, కింద ఆపి ఉన్న రెండు స్కూటర్ల మీద పడింది. అదృష్టం, ఆ సమయానికి కింద మనుషులెవరూ లేరు. సాయంత్రానికి కాలనీ గ్రూపులో గొడవ మొదలైంది. మొదలంటా కొట్టించేయాలని సగం మంది, ఆకు మీద చెయ్యి పడినా ఊరుకోమని సగం మంది. నాకు వచ్చిన అనుమానం వేరు. ఆ చెట్టును చివరిసారి ఎవరు చూశారు? పైకెక్కి ఎండు కొమ్మలు తీసి ఎన్నేళ్లయింది? ఎవరిని అడిగినా జవాబు లేదు.

నేను లెక్కలు రాసే పనిలో ఉన్నాను. ఏదైనా తెలియకపోతే ముందు రిజిస్టరు వెతుకుతాను. తోటల విభాగం ఆఫీసుకు వెళ్లి అడిగితే మొక్కలు నాటిన రిజిస్టరు చూపించారు. తేదీ, వీధి, రకం, ఎన్ని నాటారు, పక్కన ఫోటో. అంతటితో వరస అయిపోయింది. నాటిన మరుసటి రోజు నుంచి ఆ మొక్క ఏమైందో రాయడానికి అందులో గడి కూడా లేదు. పక్క బీరువాలోనే వీధి దీపాల రిజిస్టరు ఉంది. అందులో ప్రతి స్తంభానికీ నంబరు, పెట్టిన సంవత్సరం, బల్బు మార్చిన తేదీ ఉన్నాయి. స్తంభం ఏటా తరిగిపోయే ఆస్తి. చెట్టు నిలదొక్కుకున్నాక ఏటా నీడ పెంచుకుంటూ పోతుంది, అంటే విలువ పెరిగే ఆస్తి. అలాంటి ఆస్తి ఏ పుస్తకంలోనూ లేదని చూసినప్పుడు నాకు నిజంగా బాధేసింది.

ఏడుగురం కలిశాం. వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు, ఒక సివిల్ ఇంజినీరు, ఇద్దరు కాలేజీ పిల్లలు, ఇరుగుపొరుగు వాళ్లు ఇద్దరు, నేను. పదకొండు వీధుల్లో ప్రతి చెట్టుకూ ఒక నంబరు ఇవ్వాలి. ఏ చెట్టుకు ఏ పని ఎప్పుడు చేయాలో రాసి పెట్టాలి. ఆ పనికి ఏటా డబ్బు వచ్చే దారి చూడాలి. ఈ మూడోదే అసలు కష్టమని మొదటి రోజే అందరికీ అర్థమైంది.

2వ వారం

సర్వే అంటే ఫోన్‌లో యాప్ తెరిచి చెట్టు ముందు నిలబడితే చాలనుకున్నాం. మొదటి గంటలోనే జీపీఎస్ చేతులెత్తేసింది. గుబురు కింద, మేడల మధ్య ఆ చుక్క ఎనిమిది పది మీటర్లు పక్కకు జరిగిపోతోంది. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఆరు మీటర్లే ఉన్నచోట అది ఎందుకు పనికొస్తుంది? న్యూయార్క్ నగరం 2015లో తన వీధి చెట్లను లెక్కపెట్టినప్పుడు వీధి మూల నుంచి చక్రం దొర్లించుకుంటూ ప్రతి చెట్టుకూ దూరం కొలిచారు. పార్కుల విభాగం సిబ్బంది, రెండు వేల మందికి పైగా వలంటీర్లు కలిసి 6.66 లక్షల చెట్లు నమోదు చేశారు. మేమూ ఆ పద్ధతే పట్టుకున్నాం. వీధి మూల సున్నా, అక్కడి నుంచి టేపు. "3వ వీధి, ఎడమ వైపు, 42.5 మీటర్లు" అని రాసి ఉంటే పదేళ్ల తర్వాత వచ్చినవాళ్లు కూడా తిన్నగా ఆ చెట్టు దగ్గరికే వెళతారు.

మాను చుట్టుకొలత నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో తీస్తున్నాం. దాన్ని 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. కోతకు ఎంత పని పడుతుంది, రేపు ఎవరైనా కొట్టేస్తే పరిహారం ఎంత అడగాలి అన్నవన్నీ ఆ అంకె మీదే నిలబడతాయి. అందుకే టేపు కాస్త వంకరగా పడినా మాస్టారు మళ్లీ తీయిస్తారు. ఆ ఎత్తుకు కిందే పంగలు వేసిన చెట్లకు ఒక్కో మానూ విడిగా కొలుస్తున్నాం. ఇవి కాక రకం, గుబురు ఎలా ఉంది, మొదట్లో తొర్ర గానీ పుట్టగొడుగులు గానీ ఉన్నాయా, పైన కరెంటు తీగ ఉందా, పాదు ఎంత వెడల్పు, ఫుట్‌పాత్ లేచిందా, మేకులు, బోర్డులు, సీరియల్ బల్బుల తీగలు.

పేచీ వచ్చింది చెట్టు స్థితి దగ్గర. బాగుంది, పర్వాలేదు, బాగాలేదు అని మూడే పెట్టుకున్నా, ఒకే చెట్టుకు ఇద్దరు రెండు రకాలుగా రాశారు. పిల్లలు ఆకుల పచ్చదనం చూస్తున్నారు, ఇంజినీరు గారు మొదలు చూస్తున్నారు. ఇద్దరిదీ నిజమే. ప్రతి పదో చెట్టునూ రెండు జట్లు విడివిడిగా చూడాలని, తేడా వస్తే మాస్టారి మాటే రాయాలని నియమం పెట్టుకున్నాం. మూడో రోజుకే తేడాలు బాగా తగ్గాయి.

నంబరు ఎలా వేయాలన్నదానిపై కూడా చర్చ జరిగింది. ఒకవైపు చెట్లకు దిగ్గొట్టిన మేకులు లెక్కపెడుతూ, మళ్లీ మేమే మేకు కొట్టి రేకు తగిలించడం మనస్కరించలేదు. పాదు అంచు రాయి మీద పెయింటుతో రాస్తున్నాం. మొదటి రోజు 38 చెట్లు అయ్యాయి.

5వ వారం

సర్వే పూర్తయింది. మొత్తం 612 స్థానాలు. బతికి ఉన్న చెట్లు 521, ఎండినవి, మోళ్లు కలిపి 34, ఖాళీ పాదులు 57. ఖాళీ పాదులు ఎందుకు రాయడం అని జట్టులో ఒకరిద్దరు అడిగారు. లేనిదాన్ని రాయకపోతే పోయినదేమిటో తెలియదు కదా.

ఆఫీసు రిజిస్టరు ప్రకారం ఈ పదకొండు వీధుల్లో గత మూడేళ్లలో నాటినవి 240 మొక్కలు. వెతికి వెతికి చూస్తే బతికున్నవి 88. మిగతా 152లో 57 చోట్ల పాదు ఖాళీగా ఉంది. కొన్ని చోట్ల ఊతకర్రకు కట్టిన ఎండు పుల్ల మిగిలింది. ఇంకా కొన్నింటికి పాదు జాడే లేదు, మీద టైల్స్ పరిచేశారు. 240 మొక్కలకూ బిల్లులు అయ్యాయి, ఫోటోలు ఉన్నాయి. ఇందులో ఎవరూ మోసం చేశారని నేను అనను. నాటమన్నారు, నాటారు. వేసవిలో నీళ్లు పోయమని ఎవరూ ఎవరికీ డబ్బివ్వలేదు.

బతికున్న 88లో కూడా పదమూడింటికి ఊతకర్ర కట్టిన తాడు బెరడులోకి కోసుకుపోయి ఉంది. పిల్లలు అక్కడికక్కడే కత్తెరతో కోసి విప్పారు. ఒక్కోదానికి అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషం పని మూడేళ్లుగా ఎవరి పనీ కాదు.

6వ వారం

రకాల లెక్క చూస్తే మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. 521లో కానుగ 211, తురాయి 74, ఏడాకుల పాల 63, వేప 58, నిద్రగన్నేరు 31, మిగతా అన్నీ కలిపి 84. కానుగ ఒక్కటే 40 శాతం.

అమెరికాలో ఫ్రాంక్ శాంటమోర్ అనే శాస్త్రవేత్త 1990లో ఒక కొలమానం చెప్పారు. నగరంలో ఒకే జాతి చెట్లు 10 శాతం, ఒకే ప్రజాతివి (దగ్గరి జాతుల గుంపు) 20 శాతం, ఒకే కుటుంబానివి (దగ్గరి ప్రజాతుల గుంపు) 30 శాతం దాటకూడదని. మెల్‌బోర్న్ 2012లో చేసుకున్న ప్రణాళికలో దాన్ని ఇంకా బిగించి 5, 10, 20 అని పెట్టుకుంది. ఈ జాగ్రత్త వెనుక పెద్ద నష్టం ఉంది. డచ్ ఎల్మ్ తెగులుతో అమెరికా వీధుల్లో ఎల్మ్ చెట్లు పోతే చాలా ఊళ్లు వాటి స్థానంలో బూడిద రంగు బెరడున్న యాష్ చెట్లు వరసలు వరసలుగా నాటాయి. 2002లో డెట్రాయిట్ దగ్గర యాష్‌ను తొలిచే పచ్చ పురుగు బయటపడింది. ఆ తర్వాత కోట్ల చెట్లు ఎండిపోయాయి. వాటిని కొట్టించడానికే ఎన్నో ఊళ్ల చెట్ల బడ్జెట్లు ఖర్చయిపోయాయి.

మాస్టారు మౌనంగా ఉన్నది కానుగ వల్ల మాత్రమే కాదు. "కానుగ, తురాయి, నిద్రగన్నేరు మూడూ చిక్కుడు కుటుంబమేనమ్మా, కూడి చూడు" అన్నారు. 316 వచ్చింది. నూటికి 60. ముప్పై దాటకూడదన్నది మన దగ్గర దానికి రెట్టింపు. పూలు వేరు, ఆకులు వేరు, చూపుకు మూడు వేర్వేరు చెట్లే కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. ఇకపై ఖాళీ పాదుల్లో ఈ కుటుంబం చెట్టు ఒక్కటీ వద్దని తీర్మానించాం. పొగడ, నేరేడు నాటాలి. వేప ఇప్పటికే 11 శాతం, దానికీ చోటు లేదు.

8వ వారం

ఈ వారం కోత చూశాం. ముప్పై ఏళ్లుగా చెట్లెక్కే మేస్త్రీ గారు వచ్చారు. ఆయన నడుముకు మోకు కట్టుకుని పైకి వెళ్లే తీరు చూస్తే కళ్లు చెదిరాయి. కానీ కొమ్మను మాను దగ్గర నున్నగా, మానుకు సమానంగా కోసేవారు. అలా కోయాలనే ఆయనకు నేర్పారట. కోత చోట తారు పూయడం కూడా.

మాస్టారు ఆయన్ను కిందికి పిలిచి ఒక ఎండు కొమ్మ మొదలు చూపించారు. కొమ్మ మానులో కలిసేచోట చిన్న ఉబ్బు ఉంటుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూసి చెప్పింది దాని గురించే. మనిషికి దెబ్బ మానినట్టు చెట్టుకు మానదు. పాడైన చెక్కను లోపల గోడ కట్టి మూసేసి, దాని చుట్టూ కొత్త చెక్క పెంచుకుంటుంది. ఆ గోడ కట్టే శక్తి ఎక్కువగా ఆ ఉబ్బులోనే ఉంటుంది. నున్నగా కోస్తే ఉబ్బు పోతుంది, కుళ్లు మానులోకి దిగుతుంది. జానెడు మొండెం వదిలినా కుళ్లుతుంది. ఉబ్బుకు సరిగ్గా బయట కోయాలి. తారు పూస్తే లోపల తేమ నిలుస్తుంది తప్ప ఉపయోగం లేదు. బరువు కొమ్మయితే ముందు కింది నుంచి కొద్దిగా కోత, తర్వాత కాస్త అవతల పైనుంచి కోసి బరువు దించడం, ఆఖరున ఉబ్బు పక్కన అసలు కోత. లేకపోతే కొమ్మ ఊడిపడుతూ బెరడును కిందిదాకా చీల్చుకుపోతుంది.

మేస్త్రీ గారు అంతా విని, పక్కనున్న కానుగ దగ్గరికి తీసుకెళ్లారు. అయిదారేళ్ల కిందట తానే నున్నగా కోసిన చోటు అది. వేలు పెడితే లోపలికి వెళ్లింది. "నేను కోసిందే అమ్మా ఇది" అన్నారు. ఆ తర్వాత మూడు చెట్లకు ఆయనే ఉబ్బు చూపించి మా పిల్లలకు నేర్పారు. పనిలో ఉన్నవాళ్లు మారరని అనేవాళ్లు ఒకసారి వచ్చి ఆయన్ను చూడాలి.

తీగల కింద చెట్ల సంగతి వేరు, అక్కడ పని చేసేది వేరే జట్టు. తలలు నరికేస్తారు. నరికినచోట చుట్టూ కుచ్చులా పుల్లలు లేస్తాయి, వేగంగా పెరుగుతాయి, పైపైన అతుక్కుని ఉంటాయి. రెండేళ్లకు మళ్లీ తీగను తాకుతాయి, ఈసారి గాలికి విరుగుతాయి కూడా. తీగ చుట్టూ దారి వదిలేలా పక్క కొమ్మ దాకా కోస్తే మళ్లీ అంత త్వరగా రావాల్సిన పని ఉండదు. ఆ జట్టుతో ఒకసారి కూర్చోవాలి.

11వ వారం

4-ఎడమ-61. కొమ్మ విరిగిన నిద్రగన్నేరు నంబరు అది. చుట్టుకొలత 3.4 మీటర్లు, అడ్డుకొలత దాదాపు 108 సెంటీమీటర్లు. మొదట్లో రోడ్డు వైపు పుట్టగొడుగులు బల్లపరుపుగా వచ్చాయి. చెక్క సుత్తితో తడితే ఆ వైపు డొల్ల మోత.

నిపుణుడొకరు సన్నటి డ్రిల్ యంత్రం తెచ్చారు. సూది మానులోకి దిగుతుంటే ఎక్కడ గట్టిగా తగిలిందో, ఎక్కడ మెత్తగా ఉందో కాగితం మీద గీత గీస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ మాథెక్ చెప్పిన ఒక అంచనా ఉంది. గుబురు నిండుగా ఉన్న డొల్ల చెట్టుకు చుట్టూ గట్టి చెక్క మందం, వ్యాసార్ధంలో పదింట మూడు వంతులకు తగ్గితే ప్రమాదం పెరుగుతుందని. మా చెట్టు వ్యాసార్ధం 54, అంటే 16 సెంటీమీటర్లు ఉండాలి. నాలుగు చోట్ల కొలిస్తే 24, 22, 19 వచ్చాయి. రోడ్డు వైపు 11.

రోడ్డు వైపే ఎందుకు? ఆరేళ్ల కిందట ఆ వైపున పైపు కోసం మాను పక్కనే కందకం తవ్వారని ఎదురింటివారు చెప్పారు. చెట్టుకు నీళ్లు, పోషకాలు తీసుకునే వేళ్లు ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే, గుబురు అంచు దాటి పరుచుకుని ఉంటాయి. మాను పక్కన కందకం తవ్వితే నిలబెట్టే వేళ్లు కూడా తెగుతాయి. చెట్టు వెంటనే ఎండదు. అయిదారేళ్లు పడుతుంది. అప్పటికి ఆ కందకం ఎవరికీ గుర్తుండదు, చెట్టుకే ముసలితనం వచ్చిందంటారు.

కొట్టేయాలా వద్దా అని మూడు గంటలు మాట్లాడుకున్నాం. నేను ఈ చెట్టు కోసమే పని మొదలుపెట్టినదాన్ని. అయినా 11 అన్న అంకెను పక్కన పెట్టి మాట్లాడలేను. కింద మనుషులు నడుస్తారు. చివరికి ఇలా నిర్ణయించాం. రోడ్డు వైపుకు సాగిన కొమ్మల పొడవు తగ్గించి, మొత్తం ఆకులో నాలుగో వంతు మించకుండా బరువు దించడం. కింద బండ్లు ఆపకుండా రాళ్లు పెట్టడం. ఏడాది తర్వాత అవే నాలుగు చోట్ల మళ్లీ కొలవడం. అంకె ఇంకా తగ్గితే చెట్టు తీసేయడానికి నేనే సంతకం పెడతాను. ఇది రాసి అందరితో సంతకాలు చేయించాను.

14వ వారం

ఇప్పుడు డబ్బు. ఈ వారమంతా ఇదే.

ప్రభుత్వ లెక్కల్లో డబ్బు రెండు జేబుల్లో ఉంటుంది. కొత్తగా ఏదైనా కట్టడానికి, కొనడానికి ఒకటి. ఉన్నదాన్ని నడుపుకోవడానికి ఇంకొకటి. మొక్కలు నాటడం మొదటి జేబులోకి వస్తుంది, అక్కడ డబ్బు ఉంటుంది, ప్రారంభోత్సవం కూడా ఉంటుంది. నీళ్లు, కోత, తనిఖీ రెండో జేబు. బడ్జెట్ బిగుసుకున్నప్పుడు ముందు కోత పడేది దీనికే. పైగా మొదటి జేబు డబ్బు రెండో పనికి వాడటానికి వీల్లేదు. సంవత్సరం చివర నిధులు మురిగిపోతాయన్న భయంతో ఆఖరి నెలలో హడావిడిగా మొక్కలు నాటతారు. నాటిన మర్నాటి నుంచే ఎండలు. 152 మొక్కలు పోయింది ఈ ఏర్పాటు వల్లే అని నా నమ్మకం.

అందుకే ముందు అసలు ఎంత పని ఉందో లెక్క వేశాను. డబ్బులో కాకుండా పనిదినాల్లో, ఎందుకంటే కూలి రేటు మారుతుంది, పని మారదు. వెంటనే చూడాల్సిన ప్రమాదకరమైన చెట్లు 19. ఒక్కోదానికి అయిదుగురికి ఒక రోజు చొప్పున 95 పనిదినాలు. తర్వాత అన్ని చెట్లకూ వంతుల వారీ కోత. మిల్వాకీ నగరం చెట్ల మీద 1981లో వచ్చిన అధ్యయనం నాలుగైదేళ్లకు ఒకసారి కోయడం లాభమని తేల్చింది. అంతకన్నా ఆలస్యం చేస్తే కోతలో మిగిలినదానికంటే చెట్ల విలువలో పోయేది ఎక్కువ. 521ని అయిదేళ్లకు పంచితే ఏటా 104. మధ్యరకం చెట్టుకు ఒక పనిదినం చొప్పున 104. లేత చెట్లు 88, ఏడాదికి రెండుసార్లు రూపం దిద్దడానికి 18. వాటికి వేసవి పదహారు వారాలు వారానికి రెండుసార్లు నీళ్లు, 32. ఏటా ఒకసారి అన్నింటి తనిఖీ, 26. మొత్తం 275.

ఈ అంకె చూసి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. 275 పనిదినాలంటే ఒక మనిషి ఏడాదంతా చేసే పని. పదకొండు వీధులు, 521 చెట్లు, వాటి నీడన నడిచే వేల మంది. దీనికి కావాల్సింది ఒక మనిషి ఏడాది శ్రమ. ఇంతకాలం అది కూడా దొరకలేదు.

ఇంకొకటి కూడా కనిపించింది. లేత చెట్టుకు నేల మీద నిలబడి చేతి కత్తెరతో ఇరవై నిమిషాల్లో ఇద్దరు పని ముగిస్తారు. పోటీపడే రెండు తలల్లో ఒకటి తీసేయాలి, ఇరుకు పంగలు తీసేయాలి, అంతే. ఒక పనిదినానికి పది చెట్లు. అదే పంగ ముప్పై ఏళ్ల తర్వాత చీలితే అయిదుగురు, ఎత్తే బండి, ఒక రోజంతా. ఒక పెద్ద చెట్టు మీద పెట్టే కూలితో యాభై లేత చెట్లను దిద్దవచ్చు. బండి అద్దె ఇందులో కలపలేదు.

15వ వారం

మిగతా నగరాలు డబ్బు ఎలా చూసుకున్నాయో చదివాను. శాన్‌ఫ్రాన్సిస్కో కథ నన్ను బాగా పట్టుకుంది. అక్కడ బడ్జెట్ తగ్గినప్పుడు వీధి చెట్ల బాధ్యతను ఎవరింటి ముందు చెట్టు వాళ్లదే అని ఇంటి యజమానులకు బదలాయించడం మొదలుపెట్టారు. కొందరు బాగా చూసుకున్నారు, కొందరు పట్టించుకోలేదు, కొందరు ఖర్చు భరించలేకపోయారు. 2016 నవంబరులో ఓటుకు పెడితే జనం భారీగా మద్దతిచ్చారు. 2017 జూలై నుంచి 1.2 లక్షలకు పైగా చెట్ల బాధ్యత మళ్లీ నగరానిదే. అందుకు ఏటా 1.9 కోట్ల డాలర్లు విడిగా తీసిపెట్టాలని, వేరే పనికి మళ్లించకూడదని చట్టంలోనే రాశారు. "ఏటా", "విడిగా" అన్న రెండు మాటలూ నా నోట్‌బుక్‌లో గీత గీసి పెట్టుకున్నాను.

అమెరికాలోనే సిన్సినాటి నగరంలో ఇంటి స్థలం వీధి వెంట ఎన్ని అడుగులుందో దాన్ని బట్టి చెట్ల కోసం చిన్న రుసుము వేస్తారు. బ్రిటన్‌లో క్రిస్ నీలన్ రూపొందించిన కావట్ అనే పద్ధతితో మాను కొలత నుంచి చెట్టుకు విలువ కడతారు. కొట్టేసినవారిని ఆ విలువ అడగవచ్చు. రెండోది మా సర్వేతో నేరుగా కుదురుతుంది, కొలతలు మా దగ్గర ఉన్నాయి కదా.

బ్రిటన్‌లోని షెఫీల్డ్ నగరం సంగతి చదివితే నిద్ర పట్టలేదు. 2012లో రోడ్ల నిర్వహణకు 25 ఏళ్ల కాంట్రాక్టు ఇచ్చారు, చెట్లూ అందులోనే. దాదాపు 36 వేల వీధి చెట్లలో 17,500 తీసేసి కొత్తవి నాటాలన్న లక్ష్యం ఆ కాగితాల్లో ఉంది. జనం ఏళ్ల తరబడి చెట్ల కింద నిలబడి అడ్డుకుంటే 2018లో ఆగింది. అప్పటికి వేల చెట్లు పోయాయి. 2023లో విచారణ నివేదిక వచ్చింది. డబ్బు లేకపోవడం ఒక్కటే చెట్టుకు శత్రువు కాదు. డబ్బు ఉండి కాంట్రాక్టు తప్పుగా రాసినా అంతే. పెద్ద చెట్టును నిలబెట్టుకోవడం ఆ కాగితంలో ఒక లక్ష్యంగా రాసి ఉండాలి.

17వ వారం

మీటింగు. అధికారులు ఇరవై నిమిషాలు ఇచ్చారు. అమెరికాలోని అయిదు నగరాల్లో చేసి 2005లో ప్రచురించిన లెక్క చూపించాను. వీధి చెట్ల మీద ఒక డాలరు ఖర్చుకు 1.37 నుంచి 3.09 డాలర్ల మేలు తిరిగి వచ్చిందని. విన్నారు. కొత్త పద్దు తెరవడం కుదరదన్నారు. దత్తత పథకం పెట్టి దాతలను చూసుకోమన్నారు.

దత్తత మీద నాకు నమ్మకం తక్కువ. దాత పేరు బోర్డు పెట్టే రోజు బాగుంటుంది. మూడో వేసవికి దాత ఇల్లు మారిపోయి ఉంటాడు. నీళ్లు పోయడానికి ఇరుగుపొరుగు సాయం బాగానే పనికొస్తుంది. పైకెక్కి కోయడానికీ తొర్ర కొలవడానికీ చందాలు కుదరవు.

20వ వారం

మొత్తం 74 చెట్లకు మాను అంటుకునేలా సిమెంటు ఉంది. ఢిల్లీలో 2013లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెట్ల చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసేయాలని ఆదేశించింది. ఆ కాగితం చూపిస్తే ఇంజినీరింగ్ విభాగం వాళ్లు అభ్యంతరం చెప్పలేదు. ఈ వారం తొమ్మిది చెట్లకు విప్పించాం. యంత్రం పెట్టనివ్వలేదు, సుత్తి, గునపం మాత్రమే. ఒక వేప కింద సిమెంటు తీస్తే మొదలు ఇంతింత లావున కనిపించింది. అది కనిపించాలి. మట్టి పోసినా, ఆకు చెత్త కప్పినా మానును తాకకుండా వలయంలా వేయాలి, గుట్టలా కాదు. కోసిన కొమ్మలను ముక్కలు చేయించి ఆ పాదుల్లోనే పరిచాం. లారీ కూలి మిగిలింది.

లేచిన ఫుట్‌పాత్ దగ్గర వేరు కోసేద్దామన్నారు. ఇంజినీరు గారు ఒప్పుకోలేదు. పలకలను వేరు చుట్టూ వంపు తిప్పి, కింద కంకర పరిచి మళ్లీ పేర్చారు. చక్రాల కుర్చీ వెళ్లేంత వెడల్పు ఉండేలా కొలిచి చూసుకున్నాం.

26వ వారం

వేసవి మధ్యలో ఉన్నాం. 88లో ఇప్పటికి రెండు పోయాయి. వారానికి రెండుసార్లు, చెట్టుకు ఇరవై లీటర్లు. బిందెతో గబుక్కున పోస్తే ఫుట్‌పాత్ మీదికి పారిపోతోంది. అందుకని డబ్బాకు అడుగున సన్నటి రంధ్రం పెట్టి పాదులో వదిలేస్తున్నాం. మెల్లగా ఇంకుతుంది. సాయంత్రం పిల్లలు డబ్బాలు తర్వాతి పాదుకు మారుస్తారు.

మెల్‌బోర్న్‌లో చెట్టు సమస్య చెప్పడానికి ప్రతి చెట్టుకూ ఒక ఈమెయిల్ పెడితే జనం చెట్లకు ప్రేమలేఖలు రాశారట. మా ఏడో వీధిలో ఒక బడి పిల్లవాడు 7-కుడి-18కి రోజూ తన సీసాలో మిగిలిన నీళ్లు పోసి, నన్ను చూడగానే "ఈ రోజు కూడా పోశానాంటీ" అంటాడు. వాడి తనిఖీని కూడా రిజిస్టరులో రాస్తున్నాను.

29వ వారం

మళ్లీ మీటింగు. ఈసారి డబ్బు అడగలేదు. నాటిన 240, బతికిన 88 అన్న ఒకే కాగితం ఇచ్చాను. బతకని 152 మొక్కల బిల్లు ఎంతో వాళ్లే లెక్క వేసుకున్నారు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

రెండు మాటలకు ఒప్పుకున్నారు. ఇకపై నాటే కాంట్రాక్టులో మూడేళ్ల నీళ్లు, సంరక్షణ కలిపే ఉంటాయి. బిల్లులో మూడో వంతు ఆపి, మూడో ఏడు బతికున్నవాటిని లెక్కపెట్టాకే ఇస్తారు. లెక్కపెట్టేది మా జట్టు, విభాగం కలిసి. రెండోది, నిర్వహణ కింద "వీధి చెట్లు" అనే విడి వరస. అడిగింది 275, ఇచ్చింది 140 పనిదినాలకు. సగమే. అయినా ఆ వరస ఉంది, వచ్చే ఏడు దాన్ని పెంచమని అడగడానికి చోటుంది. చెట్టు కొట్టినందుకు వచ్చే పరిహారం ఇదే పద్దుకు రావాలన్న మూడో మాటను పక్కన పెట్టారు. వదలను.

30వ వారం

140ని పంచడం. ప్రమాదకరమైన 19లో ఏడింటికి అత్యవసర నిధితో ఇప్పటికే పని అయింది, నిద్రగన్నేరు కూడా వాటిలోనే ఉంది. మిగిలిన 12కి 60. లేత చెట్ల నీళ్లకు, దిద్దుబాటుకు 50. తనిఖీ మేమే చేస్తాం, దానికి డబ్బు వద్దన్నాం. మిగిలిన 30తో వంతుల వారీ కోత మొదలుపెడతాం. 104 కావాల్సిన చోట 30. ఎక్కడ మొదలుపెట్టాలన్నదాని మీద జట్టులో అభిప్రాయ భేదం వచ్చింది. ఎక్కువ ఫిర్యాదులు వచ్చిన వీధి అని కొందరు, పిల్లలు నడిచే బడి వీధి అని కొందరు. బడి వీధికే ఓటు పడింది. ఫిర్యాదు రాయడం తెలిసినవాళ్లు మళ్లీ రాయగలరు.

33వ వారం

ఏడో వీధిలో కోత మొదలైంది. రెండు రోజుల్లో 11 చెట్లు. మేస్త్రీ గారి వెంట కొత్త కుర్రాడు వచ్చాడు. ప్రతి కోతకు ముందు "ఉబ్బు ఎక్కడుంది, చూపించు" అని అడుగుతున్నారాయన. తీగల జట్టు నుంచి ఒకరు వచ్చి పొద్దున్నంతా చూసి వెళ్లారు. వచ్చే నెల మాతో కలిసి రెండో వీధి చేస్తామన్నారు.

4-ఎడమ-61 మళ్లీ చిగురించింది. రోడ్డు వైపు మాత్రం చిగురు పలచగానే ఉంది. మళ్లీ కొలిచే తేదీ 63వ వారం అని రిజిస్టరులో రాశాను. డ్రిల్ యంత్రం అద్దె కొత్త పద్దులోంచి వస్తుంది, దాని కాగితం సోమవారం పంపాలి.